కాష్ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్: అడ్డం పడ్డది చివరి నుంచి రెండో సెక్టార్

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ పెడదామంటే ఇన్‌స్టాలర్‌కి లోపలి డిస్కులే కనబడలేదు. కారణం దొరికింది! ఇన్‌స్టాలర్‌కి డిస్కులు కనబడకుండా చేస్తున్నది 46905262వ సెక్టార్ (సెక్టార్ అంటే డిస్క్‌లో 512 బైట్ల ముక్క). ఎస్‌ఎస్‌డీలో మొత్తం 46905264 సెక్టార్లు, లెక్క సున్నా నుంచి మొదలు. అంటే చివరి నుంచి రెండోది. డిస్క్ మొదట్లో ఎంత తుడిచినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే.

మెషిన్ గురించి రెండు ముక్కలు. 2012 నాటి అల్ట్రాబుక్, మూడో తరం కోర్ ఐ5. లోపల 500 జీబీ, 5400 ఆర్‌పీఎమ్ హార్డ్‌డిస్క్, దానికి తోడు 24 జీబీ ఎమ్‌శాటా ఎస్‌ఎస్‌డీ. పెద్ద ఎస్‌ఎస్‌డీలు బాగా ఖరీదుగా ఉన్న రోజుల్లో వచ్చిన ఏర్పాటు ఇది. తరచుగా చదివే డేటాను చిన్న ఎస్‌ఎస్‌డీలో దాచి, హార్డ్‌డిస్క్‌ని వేగంగా ఉన్నట్టు అనిపించేలా చేస్తుంది. ఇంటెల్ దీన్ని 2011లో స్మార్ట్ రెస్పాన్స్ అనే పేరుతో తెచ్చింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ ప్రాసెసర్ లేదు. పైగా ఇందులో ఉన్న విండోస్ అసలు బూటే అవడం లేదు. ఇక లినక్సే.

యూఎస్‌బీ తయారీకి వెంటాయ్ అనే టూల్ వాడాను. ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఇమేజ్) ఫైల్ కాపీ చేసి పడేస్తే చాలు, ప్రతిసారీ పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసే పని లేదు. లైవ్ సెషన్‌లో (డిస్క్‌లో పెట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపే లినక్స్) వైఫై, టచ్‌ప్యాడ్, బ్రైట్‌నెస్ కీలు అన్నీ వెంటనే పనిచేశాయి. చిక్కంతా డిస్క్ ఎంచుకునే స్క్రీన్ దగ్గరే. అక్కడ పెన్‌డ్రైవ్ తప్ప ఇంకేమీ లేదు! వేరే డిస్ట్రో (ఇంకో రకం లినక్స్) ఐఎస్‌ఓతో చూసినా అదే కథ. అదే సెషన్‌లో టెర్మినల్ తెరిచి డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొడితే 465.8జీ, 22.4జీ (1024 లెక్కలో చూపిన 500, 24 జీబీలే) అని రెండు డిస్కులూ చక్కగా కనిపిస్తున్నాయి. కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయకి) తెలిసిన డిస్కులు ఇన్‌స్టాలర్‌కి ఎందుకు తెలియడం లేదు?

మొదటి అనుమానం బయోస్ మీద. శాటా మోడ్ రెయిడ్‌లో (డిస్కుల్ని ఒక జట్టుగా చూసే పద్ధతి) ఉంది, ఏహెచ్‌సీఐకి (విడివిడిగా చూసే పద్ధతి) మార్చాను. ఏ మార్పూ లేదు. ఇది ఎలాగూ చేయాల్సిన పనే కాబట్టి అలాగే ఉంచేశాను. కొన్ని మెషిన్లలో బూట్ అయ్యేటప్పుడు కంట్రోల్, ఐ కలిపి నొక్కితే రెయిడ్ మెనూ వస్తుంది. అందులో డిస్కుల్ని నాన్-రెయిడ్‌గా రీసెట్ చేసే ఆప్షన్ ఉంటుంది. నా దాంట్లో ఆ మెనూ రాలేదు.

రెండో అనుమానం పాత పార్టిషన్ టేబుల్ (డిస్క్ ఎలా భాగాలైందో రాసుకునే పట్టిక) మీద. డీడీ కమాండ్‌తో ఎస్‌ఎస్‌డీ మొదటి 100 ఎమ్‌బీలో సున్నాలు నింపి, కొత్తగా ఎమ్‌బీఆర్ (పాత రకం) టేబుల్ రాశాను. రీబూట్ చేస్తే మళ్లీ అదే ఖాళీ జాబితా. ఇక్కడే బుర్ర వేడెక్కింది. పార్టిషన్లు లేవు, ఫైల్‌సిస్టమ్ లేదు, ఇంకా దేన్ని చూసి పక్కన పెడుతోంది?

జవాబు డిస్క్ మీద ఏ ముద్ర ఉందో చూపే బీఎల్‌కేఐడీ కమాండ్ చెప్పింది. ఎస్‌ఎస్‌డీ ఎదురుగా ఐఎస్‌డబ్ల్యూ రెయిడ్ మెంబర్ అని ఉంది. అంటే స్మార్ట్ రెస్పాన్స్ వదిలివెళ్లిన రెయిడ్ ముద్ర. రెయిడ్ స్థితి చూపే, ప్రాక్‌లోని ఎమ్‌డీస్టాట్ ఫైల్ చూస్తే ఎమ్‌డీ127 అనే పరికరం ఇనాక్టివ్‌గా ఉంది, అందులో రెండు డిస్కులూ స్పేర్లుగా ఉన్నాయి. ఇన్‌స్టాలర్ దృష్టిలో ఇవి విడి డిస్కులు కావు, ఏదో రెయిడ్ సెట్‌లో భాగాలు. అందుకే వాటి జోలికి వెళ్లడం లేదు. ఒక రకంగా అది చేస్తున్నది మంచి పనే.

ఇలాంటి ముద్రల్ని చెరిపే వైప్‌ఎఫ్‌ఎస్‌ని మైనస్ ఎన్‌తో నడిపాను. అలా అయితే ఏదీ చెరపకుండా ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. ముద్ర ఉన్న ఆఫ్‌సెట్ (డిస్క్ మొదటి నుంచి దూరం) 0ఎక్స్5976ఎఫ్5సీ00. దశాంశంలోకి మారిస్తే 24015494144 బైట్లు. డిస్క్ మొత్తం సైజు 24015495168 బైట్లు. తేడా సరిగ్గా 1024, రెండు సెక్టార్లు. ఈ రకం రెయిడ్ తన సమాచారాన్ని డిస్క్ చివర్లోనే రాస్తుంది. ఎమ్‌బీఆర్ ఉండేది మొదటి సెక్టార్‌లో, కాబట్టి నేను రాసిన కొత్త టేబుల్ దీన్ని తాకనే లేదు. అదే జీపీటీ (కొత్త రకం టేబుల్) రాసి ఉంటే పోయేదేమో. దాని బ్యాకప్ ఎంట్రీలు చివరి నుంచి 33వ సెక్టార్‌లో మొదలై రెండో సెక్టార్ దాకా వస్తాయి, అంటే సరిగ్గా ఈ ముద్ర మీద పడతాయి. కొందరికి కొత్త టేబుల్ రాయగానే సమస్య పోవడం, కొందరికి పోకపోవడం వెనక ఇదే ఉండొచ్చని నా ఊహ. పరీక్షించి చూడలేదు.

సరే, చెరిపేద్దామంటే డివైస్ బిజీ అంది. ఎమ్‌డీ127 పట్టుకుని కూర్చుంది మరి. రెయిడ్ సెట్లను నడిపే ఎమ్‌డీఅడ్మ్ కమాండ్‌కి స్టాప్ ఆప్షన్ ఇచ్చి దాన్ని ఆపాక, వైప్‌ఎఫ్‌ఎస్ కమాండ్ "మైనస్ ఏ" (అన్ని ముద్రలూ చెరిపే) ఆప్షన్‌తో పనిచేసింది. రీబూట్ చేశాక ఎస్‌ఎస్‌డీ జాబితాలోకి వచ్చింది. హార్డ్‌డిస్క్ మాత్రం రాలేదు.

కాష్ జత అంటే ముద్ర రెండు డిస్కుల మీదా ఉంటుంది. హార్డ్‌డిస్క్‌లో మొత్తం 976773168 సెక్టార్లు, ముద్ర 976773166లో ఉంది. లెక్క అచ్చంగా అదే. చాలామంది ఎస్‌ఎస్‌డీకి సెక్యూర్ ఎరేజ్ (డిస్క్ మొత్తం చెరపడం) చేసేయమని సలహా ఇస్తారు. ఇక్కడ అది సగం వైద్యమే, హార్డ్‌డిస్క్ సంగతి అలాగే ఉండిపోతుంది. దీన్నీ చెరిపాక రెండూ కనిపించాయి. ఇన్‌స్టాల్ నిమిషాల్లో అయిపోయింది.

ఇదే పనికి దిగేవాళ్లకి మూడు సంగతులు. విండోస్ ఇంకా బూట్ అవుతుంటే ముందు ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ ప్యానెల్‌లో యాక్సిలరేషన్ ఆపేసి, తర్వాత ఎస్‌ఎస్‌డీని రీసెట్ టు అవైలబుల్ చేయండి. ఈ తలనొప్పి చాలావరకు అక్కడే తీరుతుంది. డేటా కావాలనుకుంటే ఈ క్రమం మరీ ముఖ్యం. మాగ్జిమైజ్డ్ మోడ్‌లో ఉంటే కొత్తగా రాసిన డేటా కొంత ఇంకా ఎస్‌ఎస్‌డీలోనే ఉండి, హార్డ్‌డిస్క్‌కి చేరకపోవచ్చు. ఎన్‌హాన్స్‌డ్ మోడ్‌లో ఆ భయం లేదు. ఇక వైప్‌ఎఫ్‌ఎస్‌కి బ్యాకప్ ఆప్షన్ ఇస్తే చెరిపిన బైట్లను ఫైల్‌లో దాచిపెడుతుంది, మానొద్దు. మరో మాట, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను నమ్మకండి. ఒక బూట్‌లో ఎస్‌ఎస్‌డీ ఎస్‌డీఏ అయితే ఇంకో బూట్‌లో హార్డ్‌డిస్క్ ఎస్‌డీఏ అయింది. ప్రతి కమాండ్‌లోనూ బై-ఐడీ దారే (డిస్క్ మోడల్, సీరియల్ నంబర్లతో ఉండే, మారని పేరు) రాశాను.

ఇక లినక్స్‌లో కాష్ కోసం కెర్నల్‌లోని బీకాష్ పెట్టాను. ఇది 2013లో 3.10 కెర్నల్‌తో వచ్చింది, కెర్నల్ వైపు కొత్తగా తెచ్చిపెట్టుకోవాల్సినదేమీ లేదు. బూట్ కోసం 1 జీబీ పార్టిషన్ విడిగా బయట ఉంచాను. మోడ్ రైట్‌త్రూనే (రాసిన డేటా వెంటనే హార్డ్‌డిస్క్‌కీ వెళ్తుంది). రైట్‌బ్యాక్ (ముందు ఎస్‌ఎస్‌డీలో రాసి, తర్వాత హార్డ్‌డిస్క్‌కి పంపడం) వేగం ఎక్కువే, కానీ పన్నెండేళ్లు దాటిన ఎస్‌ఎస్‌డీ మీద అంత భరోసా నాకు లేదు. రైట్‌త్రూ అయితే రేపు అది చచ్చినా డేటా అంతా హార్డ్‌డిస్క్‌లో ఉంటుంది. సిస్టమ్‌డీ-అనలైజ్ చూపించే బూట్ సమయం కాష్ లేకుండా 58 సెకన్లు, కాష్ నిండాక 24 సెకన్లు. మొదటి బూట్‌లో ఏ తేడా ఉండదు, అది చూసి నిరాశపడి తీసేయకండి.

బ్రౌజర్ తెరవడం మాత్రం ఇంకా మందంగానే ఉంది. సీక్వెన్షియల్ కటాఫ్ డిఫాల్ట్‌గా 4 ఎమ్‌బీ. అంతకంటే పొడుగ్గా వరుసగా చదివే డేటాను బీకాష్ కాష్‌లో పెట్టదు. దాన్ని సున్నా చేసి ఒక వారం హిట్ రేషియో (అడిగినవాటిలో ఎంత భాగం కాష్‌లోనే దొరికింది) చూడాలి. లాభం లేకపోతే ఎల్‌వీఎమ్ (లినక్స్‌లో డిస్క్ భాగాలను నిర్వహించే ఏర్పాటు) కాష్‌కి మారతాను. ఎల్‌వీఎమ్‌లో కాష్‌ని తర్వాత తగిలించొచ్చు, అక్కర్లేకపోతే విప్పేయొచ్చు. బీకాష్‌కి మాత్రం పార్టిషన్‌ని ముందే దాని పద్ధతిలో తయారుచేసుకోవాలి. అదీ కుదరకపోతే హార్డ్‌డిస్క్ పీకేసి 2.5 అంగుళాల శాటా ఎస్‌ఎస్‌డీ పెట్టడమే. అప్పుడు ఈ 24 జీబీ ముక్కని స్వాప్‌కి (ర్యామ్ నిండినప్పుడు వాడే చోటుకి) ఇచ్చేస్తా. ఆ పని మొదలుపెట్టే ముందు ఈ పాత ఎస్‌ఎస్‌డీ స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్క) ఒకసారి పూర్తిగా చదవాలి.