నీలం గొట్టం, నీళ్ల ట్యాంకరు

భోగికి ముందు రాత్రి పదకొండున్నరకి కాలవ గట్టు మీద ఎవరో చెత్తకి నిప్పు పెట్టారు. అందులో ప్లాస్టిక్కూ టైరు ముక్కలూ ఉన్నాయని ముక్కే చెప్పింది. జనవరి రాత్రుల్లో బెజవాడలో గాలి కదలదు. నేల చల్లబడ్డాక పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, పొగ పైకి పోలేక మేడల ఎత్తులోనే పరుచుకుంటుంది. నాకు ఆస్తమా ఉంది. పన్నెండింటికి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఒంటిగంటకి నాలుగు మాటలు వరసగా అనలేకపోయాను. ఊపిరి ఎంత జోరుగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్లో ఊదితే 150. బాగున్న రోజుల్లో నాది 380. సగానికి తగ్గితే ఆగకుండా ఆస్పత్రికి రమ్మని రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీదే ఉంది. అయినా ‘తెల్లారనీరా’ అన్నాను మా అబ్బాయితో. వాడు వినలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆక్సిజన్, నెబ్యులైజర్, స్టెరాయిడ్, నాలుగు రోజులు. అక్కడ చెప్పుకోవాల్సింది ఒక చిన్న డాక్టరమ్మ గురించి. అందరూ మందు రాసి వెళ్లారు. ఆ అమ్మాయి మాత్రం ‘ఏదీ, ఎలా పీలుస్తారో చూపించండి’ అంది. పన్నెండేళ్లుగా తప్పే చేస్తున్నానట. ముందు గొట్టం, అంటే ఇన్‌హేలర్, ఊపాలి, ఊపిరి పూర్తిగా వదలాలి, స్పేసర్‌లో (గొట్టానికి తగిలించే ప్లాస్టిక్ బుడ్డిలో) ఒక్కసారే నొక్కి నెమ్మదిగా పీల్చాలి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. రెండోది కావాలంటే అర నిమిషం ఆగాలి. స్పేసర్ సబ్బునీళ్లలో ముంచి తీసి, తుడవకుండా ఆరబెట్టాలి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌కి కరెంటు పట్టి మందంతా గోడలకే అంటుకుంటుంది. స్టెరాయిడ్ గొట్టం పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నాలుక మీద తెల్లగా పూస్తుంది.

అసలు తప్పు వేరే. బాగానే ఉంది కదా అని రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ గొట్టం మానేసి, ఆయాసం వచ్చినప్పుడల్లా నీలం గొట్టం ఒకటే కొట్టుకున్నాను. అది బిగుసుకున్న కండరాన్ని కాసేపు వదులు చేస్తుందంతే, లోపలి వాపు అలాగే ఉంటుంది.

మా వీధికి జరిగిందీ అదే. దసరా ముందు పైపులకని తవ్వి, మట్టి పోసి వదిలేశారు. దుమ్ము అని ఫిర్యాదు చేస్తే రోజూ పొద్దున ట్యాంకరు. మన ఎండకి ఆ తడి గంటా గంటన్నర నిలవదు. పైగా నీళ్లు మెత్తటి మట్టిని రోడ్డు అంచుకి తోస్తాయి, ఆరాక ఆటో చక్రం తగిలితే మళ్లీ లేస్తుంది. పూడ్చిన మట్టిని పొరపొరగా తడిపి దిమ్మిస కొట్టకపోతే పైన తారు వేసినా మొదటి వానకి కుంగుతుంది. ఇంకో సంగతి: నీళ్లకి అణిగేది పెద్ద దుమ్ము, అంటే పీఎం 10. పొగలో ఉండే మరీ సన్నటి రేణువులు, అంటే పీఎం 2.5, నీళ్లకి పెద్దగా లొంగదు, మంట ఆపడమే మందు.

డిసెంబరులో ఈ దుమ్మూ పొగా సంగతి చెప్పడానికి మున్సిపల్ ఆఫీసుకి వెళ్తే ఒకాయన ఫైలులోంచి తల ఎత్తకుండా అన్నాడు: ‘వీధిలో ఇంతమంది ఉన్నారు, మీకొక్కరికేనా అమ్మా ఆయాసం?’ ఆస్పత్రి మంచం మీద ఆక్సిజన్ మాస్కు కింద కూడా ఆ మాటకి జవాబులు వెతుక్కున్నాను. మంచివి చాలా దొరికాయి, అప్పుడు దొరకలేదు.

వచ్చాక ఒకే అర్జీని రెండు చేశాను. చెత్త మంట పారిశుద్ధ్యం వాళ్లది, గొయ్యి ఇంజనీరింగ్ వాళ్లది. రెండూ ఒకే కాగితంలో ఉంటే ఎవరికి వాళ్లు ‘మాది కాదు’ అంటారు. ఫోటోలో తారీకు, టైము, కరెంటు స్తంభం నంబరు కనిపించాలి. ఘనవ్యర్థాల నిబంధనలు బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించాయని ఒక్క వాక్యం చాలు. ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తే అదే చోట ఫోటో తీసి ఫిర్యాదుని మళ్లీ తెరిపించాలి. గొయ్యి గురించి సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి మూడే అడిగాను: పూడ్చే పని ఎవరిది, గడువు ఎప్పుడు, తనిఖీ చేసిన రికార్డు ఏది. జవాబుకి గడువు 30 రోజులు. ఇరవై రెండో రోజున రోలర్ వచ్చింది! అప్పుడు వచ్చిన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు, పాపం, ఎండలో నిలబడి పని చేయించారు. ఆయన మీద నాకు కోపం లేదు.

ఊళ్లో గాలి కాలుష్యం కొలిచే మానిటర్ అంకె బాగుందని చూపించి నోరు మూయించే వాళ్లుంటారు. మన ప్రమాణం 24 గంటలకి పీఎం 2.5 అయితే ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, పీఎం 10 అయితే 100. అది రోజంతటి సగటు. రాత్రి రెండు గంటల పొగ అందులో కరిగిపోతుంది. మానిటర్ ఉన్నది మన వీధిలోనూ కాదు. మంట ఉన్న రాత్రి తలుపులు మూసి, సందులకి తడి తువ్వాలు పెట్టి, బయటికి పోక తప్పకపోతే ఎన్95 మాస్కు ముక్కు దగ్గర నొక్కి పెట్టుకోండి. చీర కొంగు పొగని ఆపదు.

మా అత్తగారు దుర్గమ్మకి మొక్కుకున్నారు, నన్ను కొండ మెట్లు ఎక్కిస్తానని. మార్చిలో ఎక్కాను, మూడుచోట్ల కూర్చుని. అమ్మ దయ అని ఆవిడ, స్టెరాయిడ్ గొట్టం అని మా అబ్బాయి. నేను ఇద్దరికీ ఊ కొట్టాను. కిందికి దిగి ఊదితే 360.

రోడ్డు పడింది, స్కూలు ముందు పాతిక గజాలు తప్ప. దానికి వేరే ఫిర్యాదు నంబరు వచ్చింది, క్యాలెండర్ మీద రాసుకున్నాను.