ఆ మార్కులు ఎవరివి?

అమలాపురం దగ్గర ఒక బడిలో మా మేనకోడలు బి.ఎడ్. ప్రాజెక్టు కోసం ఏడో తరగతి పిల్లలకు మూడు వారాల పాటు భిన్నాలను కొత్త పద్ధతిలో చెప్పి, మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిసిన తరువాత ఒకసారి ఇరవై మార్కులకు పరీక్ష పెట్టింది. పోయిన ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చి, "పిల్లలకు వచ్చిందని నాకు తెలుసు మావయ్యా, లెక్క మాత్రం తేడా లేదంటోంది" అని దిగులుగా చెప్పింది. ఆమె రెండు వరుసల మార్కులనూ రెండు వేర్వేరు గుంపులవిగా భావించి టీ-పరీక్ష (రెండు సగటుల మధ్య తేడా కేవలం యాదృచ్ఛికం కాదని చెప్పగలమా అని చూసే గణాంక పరీక్ష) చేసింది. పైగా, చూడడానికి బాగుంటుందని ఒక్కో వరుసను విడిగా ఆరోహణ క్రమంలో సర్దేసింది.

ఏ పరీక్ష వాడాలో తేల్చుకునే ముందు ఆ మార్కులు ఎవరివో అడగాలి. రెండు వరుసలూ ఒకే పిల్లలవైతే, పోల్చవలసినది ఒక్కొక్కరిలో వచ్చిన మార్పును. ఆమెకు కాగితం మీద ఒక చిన్న ఉదాహరణ చేసి చూపించాను. అయిదుగురు పిల్లలకు ముందు 6, 9, 11, 14, 18 వచ్చాయనీ, తరువాత అదే వరుసలో 8, 11, 12, 17, 20 వచ్చాయనీ అనుకుందాం. వేర్వేరు గుంపులుగా లెక్క కడితే టీ విలువ సుమారు 0.67, అయిదు శాతం స్థాయిలో, అంటే యాదృచ్ఛికంగా అంత తేడా వచ్చే అవకాశం అయిదు శాతానికి మించకూడదంటే, కావలసిన 2.306కు అది దరిదాపుల్లో లేదు. అదే ఒక్కో పిల్లవాడికి వచ్చిన మార్పును రాస్తే 2, 2, 1, 3, 2 వస్తాయి. ఇప్పుడు టీ విలువ సుమారు 6.32, కావలసినది 2.776. అంకెలు మారలేదు. తెలివైన పిల్లలకూ వెనకబడిన పిల్లలకూ మధ్య ఉన్న పెద్ద అంతరం మొదటి లెక్కలో అసలు మార్పును కప్పేసింది, రెండో లెక్కలో అది తీసివేతలోనే పోయింది.

మన వైపు రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మార్టేరు స్వర్ణ వరిని కాలువ మొదట్లో ఉన్న చేలో, మరో రకాన్ని నీరు ఆలస్యంగా అందే శివారు చేలో వేసి దిగుబడులు పోల్చితే ఎవరూ ఒప్పుకోరు. ఒకే చేనును రెండు చేసి చెరో సగంలో వేయమంటారు. టీ-పరీక్షకు మూలమైన 1908 నాటి వ్యాసంలో కూడా ఉదాహరణ ఇలాంటిదే. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గాసెట్ 'స్టూడెంట్' అన్న కలం పేరుతో రాసిన ఆ వ్యాసంలో, పది మంది రోగుల్లో ఒక్కొక్కరికి రెండు మందులతో నిద్ర ఎంత పెరిగిందో పోల్చి చూశాడు.

పిల్లలు నిజంగానే వేరువేరు అయినప్పుడు, అంటే 'ఎ' సెక్షనును 'బి' సెక్షనుతో పోల్చేటప్పుడు, నేను టీ-పరీక్షలోనే వెల్ష్ పద్ధతి అనే రకాన్ని వాడమంటాను, ఎందుకంటే రెండు సెక్షన్లలో మార్కుల చెదురు సమానంగా ఉండాలన్న షరతు దానికి లేదు. గుంపులు చిన్నవై, ఒకటి రెండు మార్కులు మిగిలినవాటికి చాలా దూరంగా ఉంటే, మార్కులకు బదులు వాటి ర్యాంకుల మీద నడిచే మాన్-విట్నీ పరీక్ష మేలు. అయితే దానికీ హద్దు ఉంది: గుంపుకు ముగ్గురే ఉంటే, ఒక గుంపులోని ముగ్గురూ రెండో గుంపులోని ముగ్గురినీ మించినా తేడా ఏ వైపు వచ్చినా లెక్కించే మామూలు పద్ధతిలో పి-విలువ (నిజంగా తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.10, అంటే పది శాతం, కంటే తగ్గదు, కనుక అంత కొద్దిమందితో దాన్ని వాడి తేడా లేదని రాయడం పిల్లలకు అన్యాయం.

ఆమె ప్రాజెక్టులో పోల్చడానికి రెండో సెక్షను లేదు. కాబట్టి మార్కులు పెరిగాయని మాత్రమే రాయగలదు. అది కొత్త పద్ధతి వల్లనే పెరిగిందని రాయకూడదని కూడా చెప్పాను. సర్దేసిన ఫైలులో ఏ మార్కు ఎవరిదో ఇప్పుడు తెలియదు. అదృష్టవశాత్తూ జవాబు పత్రాలు బీరువాలో ఉన్నాయి, వాటి మీద రోల్ నంబర్లు ఉన్నాయి. సోమవారం సాయంత్రం బడి వదిలాక ఆమె రెండు కట్టలూ విప్పి, నంబరు వారీగా జతలు కట్టడం మొదలుపెట్టింది.