అశ్వగంధ మొదలుపెట్టే ముందు నేను చూసుకున్నవి

పోటీలకు బరువులెత్తే సాధన చేస్తున్న నన్ను మా కోచ్ అశ్వగంధ వాడి చూడమన్నారు. పెన్నేరు గడ్డే కదా, ఏమవుతుంది అన్నారు తోటివాళ్లు. మా అమ్మ ఏళ్లుగా థైరాయిడ్ మాత్రలు వేసుకుంటోంది కాబట్టి నేను అంత తేలిగ్గా తీసుకోలేదు.

అందరూ చెప్పే అధ్యయనం 2015లో వెలువడింది. 57 మంది పురుషుల్లో కొందరు 300 మిల్లీగ్రాముల వేరు సారాన్ని రోజుకు రెండుసార్లు చొప్పున 8 వారాలు వాడారు. బెంచ్ ప్రెస్‌లో వాళ్ల బలం సగటున 46 కిలోలు పెరిగితే, మందు లేని మాత్ర వేసుకున్నవాళ్లకు 26 కిలోలు పెరిగింది. అయితే వాళ్లకు బరువులెత్తే అనుభవం పెద్దగా లేదు. కొత్తలో ఎవరికైనా బలం గబగబా పెరుగుతుంది. ఆ అంకెలను నాలాంటివాళ్లకు చూపించి అమ్మడం నాకు కోపం తెప్పించింది.

దుకాణంలో పల్లేరు కాయల మాత్రలు కూడా తీసుకోమన్నారు. 2007లో ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాళ్లకు 5 వారాలు ఇచ్చి చూస్తే వాటివల్ల బలం గాని కండ గాని అదనంగా పెరగలేదు. వద్దని చెప్పాను.

డాక్టరు ముందుగా థైరాయిడ్, కాలేయ పరీక్షలు రాశారు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చని, అరుదుగా కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయని వివరించారు. కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే ఆపేయాలన్నారు. ఫలితాలు సరిగా ఉన్నాకే సీసా కొన్నాను. ఆకు కలపకుండా వేరుతోనే చేసిందీ, నిషిద్ధ ఉత్ప్రేరకాల కోసం బ్యాచ్‌ల వారీగా పరీక్షించిందీ ఎంచుకున్నాను. ధర ఎక్కువే. కానీ అశ్వగంధ నిషిద్ధ జాబితాలో లేకపోయినా, అందులో కలిసిన ఇంకేదైనా డోపింగ్ (నిషిద్ధ మందుల వాడకం) పరీక్షకు నేనిచ్చిన నమూనాలో బయటపడితే బాధ్యత నాదే.

మొదట తెలిసిన మార్పు నిద్రలో. పడుకోగానే నిద్ర పట్టేది, మరునాడు కాళ్ల నొప్పులూ తగ్గాయి. స్క్వాట్‌లో బరువు కూడా కొంత పెరిగింది, కానీ అదే సమయంలో కోచ్ నా సాధన పద్ధతి మార్చారు. ఆ ఘనత దేనిదో విడదీసి చెప్పలేను. రెండు నెలల తరువాత మళ్లీ చేయించిన రక్తపరీక్షల్లో తేడా ఏమీ రాలేదు.

ఇప్పుడు సీసా మీది బ్యాచ్ సంఖ్యను ఫోటో తీసి, బిల్లుతో పాటు దాచుకుంటున్నాను. డోపింగ్ పరీక్ష జరిగితే ఇటీవల వాడినవన్నీ పత్రంలో రాయాలి. అందులో అశ్వగంధ పేరు కూడా రాస్తాను.