హాల్లో జిల్లేళ్లు

క్రాస్‌స్టిచ్ కుట్టు కిట్ పెట్టె మీద 'నేటివ్' సీతాకోకచిలుకలు, అడవిపూలు అని రాసుంటే ఎవరైనా ఏమనుకుంటారు? కుట్టాల్సిన బొమ్మ చార్టు విప్పితే మధ్యలో మోనార్క్ సీతాకోకచిలుక, చుట్టూ ఊదా రంగు కోన్‌ఫ్లవర్లు. అమెరికాకి నేటివ్ అన్నమాట. విశాఖలో కంబాలకొండ అడవి పక్కన కూర్చుని నేను కుట్టాల్సింది ఇదా?

మా ఆయన విని "ఎవరికి తెలుస్తుందిలే" అన్నారు. సాయంత్రం కాఫీ మాట్లాడకుండా చేతికిచ్చాను.

మోనార్క్‌కి మన దగ్గర దగ్గరి చుట్టం ఉంది, ప్లెయిన్ టైగర్. అదే నారింజ రంగు, రెక్క కొసన నలుపు, అందులో తెల్ల చుక్కలు. రెక్కంతా పరుచుకున్న నల్లటి ఈనెలు మాత్రం ఉండవు. ఆ ఈనెల కోసం కుట్టే బ్యాక్‌స్టిచ్ గీతలు మానేస్తే సగం మనదైపోతుంది.

దాన్ని నేను మొదట చూసింది పురుగుగానే. రథసప్తమికి అమ్మమ్మ జిల్లేడాకులు తెమ్మంటే గోడవతల పొద నుంచి తెచ్చాను. ఒక ఆకు అడుగున తెలుపు, నలుపు, పసుపు చారలు, వీపు మీద మూడు జతల నల్ల కొమ్ములు! నేను కెవ్వుమన్నాను. అమ్మమ్మ ఆ ఆకు పక్కన పెట్టి, వేరేది తెప్పించి, ఏడూ సరిచూసుకునే నీళ్లు పోసింది. పురుగుని హార్లిక్స్ సీసాలో పెట్టి రోజూ లేతాకు వేసేదాన్ని, జిల్లేడు పాలు చేతికంటితే తిట్లు. కొన్నాళ్లకి మూతకి తలకిందులుగా వేలాడి, బంగారు చుక్కల లేతాకుపచ్చ గూడైంది. ఓ పొద్దున నలిగిన రెక్కలతో బయటికొస్తే అమ్మమ్మ పూజలోంచి లేచొచ్చి చూసింది. మడి సంగతి ఎవరూ ఎత్తలేదు.

సరే, కోన్‌ఫ్లవర్ల బదులు ఏం పెట్టాలి? లాంటానా అనుకున్నాను, కొండదారి పొడవునా అదేగా. తీరా అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. గడ్డిచామంతీ అంతే. మన సీతాకోకచిలుకలు నిక్షేపంగా వాటి తేనె తాగుతున్నాయి. మరి పొద్దున్నుంచి నేను ఎవరి మీద విసుక్కుంటున్నట్టు? చార్టు ఉన్నదున్నట్టు కుట్టేద్దామనిపించింది కూడా.

కానీ ఊదా దారం జిల్లేడు పూలకి అచ్చంగా సరిపోతుంది. పక్కన తంగేడు పసుపు. గళ్ల నేత ఐదా గుడ్డలో అంగుళానికి 14 గళ్లే కాబట్టి పువ్వు మధ్య కిరీటం కాస్త పెద్దగా గీసుకోవాలి.

గళ్ల కాగితం మీద గీస్తుంటే అత్తయ్య తొంగిచూసి, "ఏటమ్మా, హాల్లో జిల్లేళ్లు మొలిపిస్తావేటి?" అన్నారు. రథసప్తమికి ఆకులు కావాలని వీధంతా తిప్పేది ఆవిడే. అడగలేదనుకోండి.

రేపు కొత్త సూదులు తెచ్చుకోవాలి. ఈ ఉప్పుగాలికి పాతవి తుప్పుపట్టి ఐదా గుడ్డ మీద మరక పడేలా ఉంది.