పిలవని తనిఖీ

శనివారం ఉదయం మా సార్జెంట్లు ఇంటికొచ్చి అలమరలతో సహా అన్నీ చూస్తారని చెప్పగానే మా అమ్మ ఒకటే అడిగింది. "మనం పిలిచామా?" పిలవలేదన్నాను. "మరి పిలవని పేరంటానికి ఎందుకొస్తున్నారు?" అంది. అమ్మ గుంటూరు నుంచి వచ్చి అప్పటికి పదిహేను రోజులే అయింది, అమెరికా సైన్యం గురించి ఆమెకు తెలిసింది సున్నా. అయినా ఆ మర్నాడు సైనిక న్యాయవాది నాకు గంటసేపు విడమరిచి చెప్పినదంతా చివరికి ఆ రెండు ప్రశ్నల దగ్గరికే వచ్చి ఆగింది.

నేను ఎం.ఎస్. చదవడానికి వచ్చి, 2014లో మావ్ని పథకం కింద ఆర్మీలో చేరాను. సైన్యానికి అవసరమైన భాషలు తెలిసిన విదేశీయులను గ్రీన్ కార్డు లేకపోయినా చేర్చుకున్న పథకం అది. 2016లో కొత్తవారిని తీసుకోవడం ఆపేశారు. ఆ జాబితాలో నాకు అక్కరకొచ్చింది హిందీ. బడిలో నాకు హిందీ చెప్పిన పంతులుగారికి ఈ సంగతి తెలిస్తే నమ్మరు, నా మార్కులు ఆయనకు గుర్తుంటాయి. పౌరసత్వం వచ్చాక పెళ్లి చేసుకుని, టెక్సాస్‌లో మా స్థావరం గేటుకు పదిహేను నిమిషాల దూరంలో రెండు గదుల అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్నాం.

ఇది 2019 వసంతకాలం నాటి మాట. అంతకుముందు ఏడాది నుంచి స్థావరాల్లో ప్రైవేటు కంపెనీలు నడిపే ఇళ్ల గురించి పత్రికల్లో కథనాలు వస్తున్నాయి. గోడలకు బూజు, ఎలుకలు, పాత రంగుల్లో సీసం. సెనేట్ కమిటీ ముందు సైనికుల భార్యలు సాక్ష్యం చెప్పారు. దాంతో ఆర్మీ పెద్దలు కమాండర్లను మీరే వెళ్లి ఇళ్ల పరిస్థితి చూసి రండని పంపారు. మంచి ఆదేశమే. కానీ పైనుంచి బయల్దేరిన మంచి ఆదేశం ప్లటూన్ అనే చిన్న దళం దాకా దిగేసరికి ఏ రూపంలో ఉంటుందో ఏ సైన్యంలో పనిచేసినవారికైనా తెలుసు.

గురువారం సాయంత్రం అందరం వరసగా నిలబడే ఫార్మేషన్‌లో మా ప్లటూన్ సార్జెంట్ ఒక కాగితం పంచాడు. గేటు బయట ఉండేవాళ్లందరి ఇళ్లనూ శనివారం తనిఖీ చేస్తారు. శుభ్రత, పొగ అలారం, ఫ్రిజ్, అలమరలు, ఇంట్లో ఇంకెవరు ఉంటున్నారు, తుపాకులు ఎన్ని, వాటి వివరాలు. కింద సంతకానికి చోటు. ఆ ముందు వారమే మా యూనిట్‌లో బయట ఉండే కుర్రాడొకడు మత్తుమందులతో ఊరి పోలీసులకు దొరికాడు. బూజు మాట చెప్పి వస్తున్నవాళ్లు అలమరల్లో ఏం వెతకబోతున్నారో అక్కడ నిలబడ్డ అందరికీ అర్థమైంది.

"బయట ఇల్లు కదా, సార్జెంట్?" అన్నాను మెల్లగా.

"అద్దె ఎవరిస్తున్నారు? సైన్యం ఇస్తోంది. కాబట్టి సైన్యం చూస్తుంది" అన్నాడు.

వినడానికి బాగానే ఉంది. జీతంతోపాటు వచ్చే ఇంటి భత్యం, మా వాడుకలో బీఏహెచ్, లేకపోతే ఆ అపార్ట్‌మెంట్‌లో మేం ఉండలేం. ఆ రాత్రంతా ఆ మాట నన్ను తొలిచేసింది. నా భార్యకు మాత్రం అనుమానమే లేదు. "మీ జీతంతో కొన్న బియ్యం కూడా వాళ్లవేనా?" అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఓ గంట అనుమతి తీసుకుని స్థావరంలోని న్యాయ సహాయ కార్యాలయానికి వెళ్లాను. అక్కడి న్యాయవాదుల్లో యూనిఫారంలో ఉండేవాళ్లూ ఉంటారు, సైనికులకు ఫీజు లేదు, మనం చెప్పినది మన కమాండర్‌కు చేరవేయరు. నాకు దొరికినావిడ కెప్టెన్ హోదాలో ఉన్న మనిషి. కాగితం ఒకసారి చదివి, వరసగా ప్రశ్నలు వేశారు. ఇల్లు గేటు లోపలా, బయటా? యజమాని ఎవరు? లీజు మీద సంతకాలు ఎవరివి? బయట, ప్రైవేటు మనిషి, నాదీ నా భార్యదీ అని చెప్పాను.

"అయితే ఈ కాగితానికి బలం మీ ఇద్దరి సంతకాల నుంచే రావాలి. కమాండర్ సంతకం నుంచి రాదు" అన్నారు.

తర్వాత ఆవిడ చెప్పినది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. సైనిక సాక్ష్య నియమాల్లో 313వది తనిఖీల గురించి. సైనికులు కలిసి ఉండే బ్యారక్స్‌లో ఏ అనుమానమూ లేకుండానే కమాండర్ తన యూనిట్ మొత్తాన్నో, అందులో కొంత భాగాన్నో తనిఖీ చేయవచ్చు. యూనిట్ సిద్ధంగా ఉందా, క్రమశిక్షణ బాగుందా అని చూడటమే అసలు ఉద్దేశమై ఉండాలి. అలా చూస్తుండగా నిషిద్ధ వస్తువు దొరికితే అది సాక్ష్యంగా చెల్లుతుంది. అయితే ఏదో ఒక నేరం గురించి కబురు అందిన వెంటనే, ముందుగా అనుకోని తనిఖీ పెడితే, అది వెతుకులాట కాదని గట్టిగా రుజువు చేయాల్సిన బరువు ప్రభుత్వం మీద పడుతుంది. దొరికిన కుర్రాడి సంగతి చెప్పినప్పుడు ఆవిడ కలం ఆగింది అందుకే.

315వ నియమం నేరానికి సాక్ష్యం వెతికే సోదాల గురించి. తగిన కారణం ఉంటే కమాండరే సోదాకు అనుమతి ఇవ్వగలడు. అయితే ఆ అనుమతి సైనిక చట్టం కిందికి వచ్చే మనుషులకు, సైన్యం ఆస్తికి, సైన్యం అదుపులో ఉన్న చోట్లకు వర్తిస్తుంది. అమెరికా గడ్డమీద గేటు బయట ఉన్న ప్రైవేటు ఇంటి తలుపు దానితో తెరుచుకోదు. 1791 నాటి నాలుగో రాజ్యాంగ సవరణ సైనికుడి ఇంటికీ కాపలా కాస్తుంది కాబట్టి అక్కడ పౌర న్యాయమూర్తి ఇచ్చిన వారెంటు కావాలి. విదేశాల్లో లెక్క వేరు. అక్కడ ఒప్పందాలకు లోబడి ప్రైవేటు ఇళ్ల మీదా కమాండర్ అనుమతి పనిచేయవచ్చు. కొరియాలో పనిచేస్తున్న మా మిత్రుడికి ఇది చెబితే వాడు కాసేపు మాట్లాడలేదు.

మరి బీఏహెచ్? "అది మీకు రావలసిన వేతనంలో భాగం. లీజు కాపీ చూపించమని అడిగే హక్కు వాళ్లకుంది, చూపించండి. ఇంట్లోకి రావడానికి అది టిక్కెట్టు కాదు."

తుపాకుల గడి దగ్గర ఆవిడ కాగితాన్ని బల్లమీద పెట్టేశారు. స్థావరం బయట సైనికుడు చట్టబద్ధంగా ఉంచుకున్న సొంత తుపాకుల వివరాలు సైన్యం సేకరించకూడదని 2011 రక్షణ చట్టంలో కాంగ్రెస్ రాసిపెట్టింది. సైనికుడు తన ప్రాణం తీసుకునే, లేదా ఇతరులకు హాని చేసే ప్రమాదం ఉందని నమ్మడానికి కారణం ఉంటే కమాండర్ అడగవచ్చని తర్వాత ఒక మినహాయింపు చేర్చారు. అది సబబైన మినహాయింపే. అందరికీ పంచే కాగితంలో ఆ గడి ఉండటం మాత్రం సబబు కాదు. మా ఇంట్లో ఆయుధమంటూ ఉంటే అమ్మ పెట్టెలో పెట్టుకొచ్చిన కత్తిపీట ఒక్కటే. అది ఎలా వచ్చిందో నేను అడగలేదు.

నాకు బాగా నచ్చింది 314వ నియమం. ఇష్టపడి ఒప్పుకుంటే సోదా చెల్లుతుంది, ఇచ్చిన ఒప్పుకోలును మధ్యలో వెనక్కి తీసుకోనూవచ్చు. కానీ అధికారాన్ని చూసి తలవంచడం ఒప్పుకోవడం కాదు. పై హోదావాడు కలం చేతికిచ్చి నిలబడితే పెట్టిన సంతకం ఏ లెక్కలోకి వస్తుందో మీరే చెప్పండి. పైగా నా భార్య సైనికురాలు కాదు, ఆమె మీద కమాండర్‌కు ఏ అధికారమూ లేదు. ఇంట్లో ఉండే ఒకరు సరేనన్నా, గుమ్మంలో నిలబడ్డ రెండోవారు వద్దంటే పోలీసులు ఆ ఒప్పుకోలు మీద లోపలికి రాకూడదని 2006లో జార్జియా నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట.

నేను ఉత్సాహంగా లేచాను. ఆవిడ కూర్చోమన్నారు. "ఫార్మేషన్‌లో ఈ నియమాలన్నీ అప్పజెప్పకండి. ఆజ్ఞ చట్టబద్ధమైనదేనని సైనిక న్యాయం ముందు అనుకుంటుంది. కాదని తేలేలోపు పడే తిప్పలు మీవి. మర్యాదగా, రాతలో అడగండి. ఒకవేళ తోసుకుని వస్తే అడ్డుపడవద్దు. నేను ఒప్పుకోవడం లేదని వినబడేలా చెప్పండి, చాలు." తర్వాత నా అనుమతి అడిగి, మా బ్రిగేడ్ న్యాయ సలహాదారుకు ఫోను చేశారు.

సాయంత్రం ఆరున్నరకు ఫోనులో సందేశం వచ్చింది. శనివారం సందర్శనలు సైనికుడు ఆహ్వానిస్తేనే, పాత కాగితం రద్దు. క్షమాపణ లాంటిదేమీ లేదు, నేను ఎదురుచూడనూ లేదు. మా ప్లటూన్‌లో పెళ్లికాని ఇద్దరు అప్పటికే పాత కాగితం మీద సంతకం పెట్టేశారు. వాళ్లకు బయట ఉండే అనుమతి ఇచ్చేదీ తీసేదీ ఆ పైవాళ్లే. వాళ్లను నేనేమీ అనలేను.

ఇక మేం పిలవాలా వద్దా? నేను వద్దనే అనుకున్నాను. నా భార్య పిలుద్దామంది. వంటింటి సింకు కింద రెండు నెలలుగా నీళ్లు కారుతున్నాయి, ఇంటి యజమాని ఫోను ఎత్తడం లేదు. "పిలిచి చూపిద్దాం. హాలు, వంటిల్లు వరకే. పడకగది, దేవుడి అలమర మూసే ఉంటాయి" అని షరతులు ఆవిడే పెట్టింది. మా ఇంట్లో పూజగది అంటే కోట్లు తగిలించుకునే అలమర. ఆ షరతులే నేను మా కంపెనీ (మా ప్లటూన్ ఉండే దళం) కమాండర్‌కు సందేశంగా పంపాను.

శనివారం పదింటికి కమాండర్, కంపెనీ సార్జెంట్లందరికీ పెద్ద అయిన ఫస్ట్ సార్జెంట్ వచ్చారు. గుమ్మం ముందు అమ్మ వేసిన ముగ్గు చూసి ఫస్ట్ సార్జెంట్ దాన్ని దాటవచ్చా అని అడిగి, మేం చెప్పకుండానే బూట్లు విప్పాడు. ఇరవై రెండేళ్ల సర్వీసున్న మనిషి చిల్లు సాక్సుతో నిలబడ్డాడు. సింకు కింద తొంగిచూసి, ఫొటో తీసుకుని, స్థావరంలోని గృహ సేవల కార్యాలయం బయటి లీజుల విషయంలోనూ సాయం చేస్తుందని చెప్పి, నంబరు రాసిచ్చాడు. అది మాకెవరూ అంతకుముందు చెప్పలేదు.

తర్వాత తల పైకెత్తాడు. పొగ అలారం మూత వేలాడుతోంది, లోపల బ్యాటరీ లేదు.

రెండు రోజులు రాజ్యాంగం చదివిన నాకు అది కనబడనే లేదు. "తాలింపు వేసినప్పుడల్లా అరుస్తోంది, నాన్నా. నేనే తీశాను" అంది అమ్మ. తర్జుమా చేశాను. కమాండర్ కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఫస్ట్ సార్జెంట్ మాత్రం నవ్వలేదు. వేరే ఊళ్లో తన మనిషి ఒకడు ఇల్లు తగలబడి పోయాడని, అలారం ఉండీ మోగలేదని చెప్పాడు. అమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఆయన ముఖం చదివింది. పెసరట్టు పెట్టి, అల్లం పచ్చడి మళ్లీ మళ్లీ వడ్డించింది.

సింకు వారంలో బాగుపడింది. సోమవారం ఉదయమే కొత్త బ్యాటరీ వేసి ఫొటో పంపాను. ఆ మధ్యాహ్నం పప్పులో తాలింపు పడగానే అలారం ఇల్లదిరేలా మోగింది. అమ్మ చీర కొంగుతో విసురుతూ స్టూలు కోసం వెతికిందట. స్టూలు అప్పటికే నా కారు డిక్కీలో ఉంది.