సున్నుండల డబ్బా

"నా ముఖం చదవడం మీ ఉద్యోగంలో భాగం కాదు" అన్నారు మా బాస్.

గొంతు పెంచలేదు. నేను బల్ల మీద పెట్టిన చిన్న స్టీలు డబ్బాను ఒక అంగుళం పక్కకు జరిపి, మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగారు. డబ్బాలో నాలుగు సున్నుండలు. సామర్లకోట నుంచి ఎవరో వస్తుంటే వాళ్ల పెట్టెలో ఇంత చోటు బతిమాలుకుని అమ్మ పంపినవి. రోజుకు ఒకటి చొప్పున, నేనూ మా ఆవిడా చెరి సగం తింటున్న రోజులవి. అందులోంచి నాలుగు తీసి ఒకరికి ఇవ్వడమంటే మాటలు కాదు. ఆ సంగతి మా బాస్‌కు తెలియదు, తెలిసే దారీ లేదు.

రాత్రంతా ఆ వాక్యం చెవిలో తిరిగింది. నేను చేసిన తప్పేమిటి? మనిషి బాగా లేకపోతే "బాగున్నారా" అని అడిగాను. ఇది కూడా తప్పేనా?

స్టుట్‌గార్ట్ పక్కన ఎస్లింగెన్ అనే ఊళ్లో, కార్లకు పంపులు చేసే ఫ్యాక్టరీలో నాణ్యతా విభాగంలో పని నాది. ఆరేళ్లయింది. మా బాస్‌కు యాభై దాటి ఉంటాయి. పొద్దున ఏడున్నరకల్లా సీట్లో ఉంటారు. భర్త ఉన్నాడో లేడో, పిల్లలున్నారో లేరో, ఆదివారాలు ఏం చేస్తారో మాలో ఎవరికీ తెలియదు. నాకు తప్ప ఎవరికీ తెలుసుకోవాలనీ లేదు. మెచ్చుకోవడం అసలే లేదు. ఈ ప్రాంతపు వాళ్లకు ఒక సామెత ఉంది, తిట్టలేదంటే పొగిడినట్టేనని. ఆ లెక్కన ఆరేళ్లలో నన్ను చాలాసార్లు పొగిడారు.

జర్మన్‌లో మన మీరు, నువ్వు లాగే రెండు మాటలున్నాయి. "జీ" అంటే మీరు, "డూ" అంటే నువ్వు. మీరుకు జీ అని వినగానే హిందీ వాళ్ల జీ గుర్తొచ్చి మొదట్లో తెగ నవ్వుకున్నాను. ఇప్పుడు చాలా ఆఫీసుల్లో చేరిన రోజు నుంచే అందరూ డూ అనుకుంటున్నారు. మా ఫ్యాక్టరీలో కూడా కుర్రవాళ్లంతా అంతే. మా బాస్ ఒక్కరే జీ. ఇరవై ఏళ్లుగా పక్క గదిలో ఉన్న మనిషితో కూడా జీ. మన దగ్గర నువ్వు అనుకున్నవాళ్లు వయసు మీదపడ్డాక, హోదా మారాక మీరులోకి వెళ్లిపోవచ్చు. ఇక్కడ అలా కాదు. ఒకసారి డూ ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడమంటే తలుపు ముఖాన వేసినట్టే. ఎంత కోపం వచ్చినా సాధారణంగా ఎవరూ ఆ పని చేయరు.

ఇక ఆ రోజు సంగతి. మా సరుకు కొనే కంపెనీ నుంచి ఆడిట్‌కు, అంటే మా పని తీరు తనిఖీ చేయడానికి, ఇద్దరు వచ్చారు. ఇక్కడి కార్ల పరిశ్రమలో వీడీఏ 6.3 అనే పద్ధతి ఒకటుంది. ప్రతి ప్రశ్నకు 10, 8, 6, 4 లేదా సున్నా వేస్తారు. మొత్తం మీద 90 శాతం వస్తే ఏ, 80 దాటితే బి, అంతకు తగ్గితే సి. సి వచ్చిందంటే కొత్త ఆర్డరు మీద ఆశ వదులుకోవడమే. రెండు నెలలుగా మేమంతా దాని కోసమే పని చేస్తున్నాం. రావలసిన పెద్ద ఆడిటర్‌కు ఒంట్లో బాగాలేక, ఆయన బదులు ఇంకొకరు వస్తున్నారని ముందురోజు సాయంత్రం కబురొచ్చింది. ఆ పేరు చూసి మా బాస్ ఏమీ అనలేదు. ఎలా అంటారు? అది ఆవిడకు తెలిసిన పేరు కాదు. 1976 నాటి చట్టం మార్పు తర్వాత ఇక్కడ దంపతులు భార్య ఇంటిపేరును కూడా పెట్టుకోవచ్చు. ఆయన పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు తీసుకున్నాడట. ఇల్లరికం వెళ్లినవాళ్లు కూడా మన దగ్గర ఆ పని చేయరు.

పొద్దున ఆయన లోపలికి వచ్చి చేయి చాపినప్పుడు మా బాస్ చేయి ఒక్క క్షణం ఆలస్యంగా లేచింది. నేను చూశాను. నాకు అదో జబ్బు, అన్నీ చూస్తాను. తర్వాత రెండు గంటలు "మీరు", "మీరు" అంటూనే కాగితాలు నడిచాయి. లైను దగ్గరికి వెళ్లాం. పంపు బాడీకి బోల్టులు బిగించే చోట మా బాస్ టార్క్ రెంచి కాలిబ్రేషన్ తేదీ, అంటే ఆ పనిముట్టు సరిగా కొలుస్తోందో లేదో పరీక్షించే తేదీ, తప్పు చెప్పారు. ఆ తేదీలు ఆవిడకు కంఠతా వచ్చు. నేను మెల్లగా సరిదిద్దాను. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు, వరుసగా మూడు ముక్కలు తప్పు వస్తే లైను ఆపే అధికారం ఎవరిదని. ఆవిడ ఆయన వైపు చూసి, "అది నీకు తెలుసు కదా" అన్నారు.

నీకు. ఆరేళ్లలో ఆవిడ నోట నేను విన్న మొదటి డూ అది.

చుట్టూ ఏడుగురం ఉన్నాం. నేను చటుక్కున తల ఎత్తాను.

ఆవిడ పది నిమిషాల విరామం అడిగారు. తిరిగొచ్చి నిలబడే ఉండి, నోట్సు రాసే అమ్మాయితో అన్నారు: "ఇది రాసుకోండి. ఈయనా నేనూ 1993 నుంచి 1999 వరకు కలిసి ఉన్నాం. ఆడిట్ నిష్పక్షపాతంగా జరగాలి కనుక ఈ విభాగానికి నా బదులు నా సహోద్యోగి జవాబిస్తారు." సహోద్యోగి అంటే నేను. ఆయన ముఖం ఎర్రబడింది. "అవును, ప్రశ్నలు మా రెండో ఆడిటర్ వేస్తారు" అన్నాడు. రాసుకునే అమ్మాయి రాసుకుంది. తేదీ, సమయం, విషయం. కాలిబ్రేషన్ గడువు రాసిన చేత్తోనే, అంతే నిబ్బరంగా.

నేను అక్కడే ఆగిపోయాను. ఇప్పటికీ పూర్తిగా కదల్లేదు. ఆరేళ్లు ఒక మనిషితో కాపురం చేసి విడిపోయిన సంగతి మన దగ్గర ఏడు తరాలకు తెలియకుండా దాస్తారు. ఈవిడ మీటింగు నోట్సులో రాయించారు. అంత పెద్ద సంగతి నలుగురి ముందు చెప్పగలిగిన మనిషి, సాయంత్రం ఒంటరిగా కూర్చుని ఉంటే "బాగున్నారా" అని అడగకూడదట! చెప్పుకోవడానికి సిగ్గు లేనిచోట అడిగించుకోవడానికి సిగ్గెందుకు? జీడిమెట్లలో పని చేసే రోజుల్లో మా మేనేజరు కళ్లు ఎర్రగా ఉంటే పదింటికల్లా ఇంట్లో గొడవేమిటో మాకు తెలిసేది. ఎవరో టీ తెచ్చేవాళ్లు, ఎవరో పక్కన కూర్చునేవాళ్లు. చాటున చెప్పుకుని నవ్వుకునేవాళ్లూ ఉండేవారు, ఒప్పుకుంటాను. అయినా ఆయన ఒంటరిగా మాత్రం లేడు.

ఆ ఆడిటర్ మీద కూడా నాకు కోపమే. ఆయన ఇంటిపేరు మారింది కానీ ఆవిడది మారలేదు కదా. ఆయన కాగితం మీద ఆవిడ పేరు ఉండే ఉంటుంది. చూసి కూడా ముందుగా ఒక మాట చెప్పకుండా వచ్చాడు. ఆ మాటేదో ఆయనే చెప్పి ఉంటే ఆవిడ లైను దగ్గర నిలబడి చెప్పుకోవలసిన అవసరం ఉండేది కాదు.

మర్నాడు క్యాంటీనులో, మా లైను చూసే పెద్దాయన దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన ముక్క నమిలి మింగేదాకా ఆగి, "ఆవిడ నోరు జారినప్పుడు మేమందరం ఏం చేశాం?" అన్నాడు.

"ఏం చేశారు? ఏమీ చేయలేదు. బొమ్మల్లా కాగితాల్లోకి చూస్తూ నిలబడ్డారు."

"అదే చేశాం. నువ్వొక్కడివే తల ఎత్తావు."

నాకు జవాబు తోచలేదు. మూడేళ్ల క్రితం నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పటి సంగతి గుర్తొచ్చింది. మూడు వారాల తర్వాత ఆఫీసుకు వెళితే ఈవిడ "వచ్చారా, మంచిది" అని మాత్రం అన్నారు. ఏమైంది, ఎలా ఉంది, ఒక్క మాట లేదు. ఇంటికి వచ్చి మా ఆవిడ దగ్గర ఎంత తిట్టుకున్నానో. ఇక్కడ డాక్టరు ఇచ్చే సెలవు పత్రంలో యజమానికి జబ్బు పేరు కనిపించదని, ఎన్ని రోజులన్నదే కనిపిస్తుందని అప్పటికి తెలియదు. ఆ నెలంతా బరువైన నమూనాల పెట్టెలు నా బల్ల దగ్గరికి రాకుండా వేరే వాళ్లకు వెళ్లాయి. అది యాదృచ్ఛికం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. అయినా ఒక మాట అడిగి ఉంటే ఏం పోయేది అని లోపల గునుస్తూనే ఉంటుంది.

కాకినాడలో చదువుకునే రోజుల్లో నాకూ ఒక నువ్వు ఉండేది. ఏడేళ్ల తర్వాత రాజమండ్రిలో ఒక పెళ్లిలో ఎదురుపడ్డాం. పక్కన ఆవిడ భర్త. "మీరు ఇప్పుడు జర్మనీలో కదా అండీ" అంది. "అవునండీ, మీరు ఎక్కడ ఉంటున్నారు?" అన్నాను. రెండు నిమిషాల్లో పన్నెండు మీరులు. ఎవరూ ఏమీ రాసుకోలేదు. ఇది మా ఆవిడ కూడా చదువుతుంది కనుక ఇక్కడితో ఆపుతున్నాను.

ఆడిట్‌లో 92 శాతం వచ్చింది. మా బాస్ నుంచి రెండు ముక్కల మెయిలు: "ఫలితం జత చేశాను. సరిదిద్దవలసిన అంశాల జాబితా శుక్రవారానికి కావాలి." తిట్టలేదు.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి డబ్బా నా బల్ల మీద ఉంది. శుభ్రంగా కడిగి, తుడిచి, మూత తీసి పక్కన పెట్టి. మూత అలా ఎందుకు పెట్టారో తెలుసు, లోపల తడి ఆరడానికి. లోపల ఏమీ లేదు. ఒక పంచదార పలుకు కూడా లేదు. ఆవిడ పద్ధతిలో అది మర్యాదే. నాకు తెలుసు. అయినా ఆ ఖాళీ డబ్బాను సంచిలో వేసుకుంటుంటే కడుపులో ఏదోలా అయింది.

రాత్రి అమ్మ ఫోను చేసింది. సున్నుండలు అయిపోయాయా అని అడిగింది. మా బాస్‌కు కొన్ని ఇచ్చానని చెప్పాను.

"తిన్నారా? బాగున్నాయన్నారా?"

"తిన్నారమ్మా."

"మరి డబ్బా?"

"ఇచ్చేశారు."

కాసేపు ఆగింది. "ఖాళీదా?"

"లేదమ్మా" అన్నాను. "బిస్కెట్లు పెట్టి ఇచ్చారు."