పండుగాడి జేబులో చీటీ

పదకొండు దాటింది. అత్తయ్య దగ్గు తగ్గి ఇప్పుడే పడుకున్నారు. నేనూ పడుకోవలసిందే. రేపటికి పండుగాడి జీన్సు నానబెడదామని జేబులు తడిమితే చీటీ దొరికింది. నా చీటీయే. మొన్న రాత్రి క్యాలెండరు కాగితం చింపి వెనకవైపు రాసిచ్చింది. నేను మడిచిచ్చిన నాలుగు మడతలూ అలాగే ఉన్నాయి. ఒక్కసారి విప్పిన జాడ కూడా లేదు.

దానికింత బాధేమిటని ఈయన అడిగారు. సమాధానం చెప్పలేదు, ఇక్కడికొచ్చి కూర్చున్నాను.

అడిగింది వాడే కదా. స్నేహితుడి పెళ్ళి గోపాలపూర్‌లో, దిగడం ఒడిషా బరంపురంలో మా ఇంట్లో. ఫలక్‌నుమా రైలు దిగి ఇంట్లో కాలు పెడుతూనే "పిన్నీ, మీ ఊళ్ళో ఎక్కడెక్కడ తినాలో చెప్పు" అన్నాడు. అడక్కపోయినా చెప్పేదాన్ని, అది వేరే సంగతి. అడిగేసరికి ఇక ఆగుతానా? పేటపేటకీ విడదీసి రాశాను. పొద్దున్నయితే బడాబజార్‌లో ఇడ్లీ, బరా అంటే మన వడ, మీద ఘుగుని అనే బఠాణీ పులుసు. సాయంత్రం గాంధీనగర్ వైపు గుప్‌చుప్, అదే పానీపూరీ. పాత బస్టాండు దగ్గరికెళ్తే పియాజీ, అంటే మన ఉల్లి పకోడీయే, పేరు చూసి కంగారు పడకు అని కూడా రాశాను. గోపాలపూర్ ఒడ్డున వేయించిన చేప, అదీ కళ్ళెదుట మూకుట్లో వేసింది మాత్రమే, ముందే వేయించి పెట్టింది ముట్టుకోవద్దని. చివర అప్పడాల గురించి రెండు గీతలు గీసి మరీ రాశాను. బరంపురం అప్పడాలు పట్టుకెళ్ళకపోతే అక్క వాణ్ణి ఏమీ అనదు, ఫోను నాకొస్తుంది.

వాడేం చేశాడు? ఫోను తీశాడు. "ఇదిగో పిన్నీ, 4.1 ఉంది, ఫ్యామిలీస్‌కి బావుంటుందట" అన్నాడు. టాటాబెంజ్ చౌక్ దాటి ఇంకాస్త ముందుకెళ్ళాక ఏసీ హోటలు. పేరు రాయను. రాస్తే అక్కడికి కూడా ఎవరో ఒకరు వెళ్ళి తిని, నన్నే తప్పుపడతారు.

వెళ్ళాం. వాడు ఏం చెప్పాడో తెలుసా? హైదరాబాదీ బిర్యానీ! రాత్రంతా రైల్లో పడి వచ్చి, బరంపురంలో కూర్చుని, హైదరాబాదీ బిర్యానీ. వచ్చాక రెండు ముద్దలు తిని "మా దగ్గర ఇలా ఉండదు పిన్నీ" అన్నాడు. ఉండదు నాయనా, ఎందుకుంటుంది.

అది ఒక ఎత్తు. వడ్డించే కుర్రాడిది ఇంకో ఎత్తు. వస్తూనే నన్ను హిందీలో అడిగాడు. ఇక్కడ పుట్టి ఇక్కడే యాభై దాటినదాన్ని, నాకు హిందీ ఏమిటి? ఒడియాలో చెప్పాను. వాడు మళ్ళీ హిందీలోనే, "మేడమ్, బాటిలా, మామూలు నీళ్ళా" అని. మామూలు అన్నమాట దగ్గర ఆ మొహం చూడాలి. మామూలు నీళ్ళే అన్నాను, ఒడియాలో, ఇంకొంచెం గట్టిగా. ఈయనకి గొడవంటే పడదు కదా, తెలుగులో నాకేసి "ఆ బాటిలే చెప్పేయ్, పోనిద్దూ" అన్నారు. అంతే, కుర్రాడి మొహం విప్పారింది. "అయ్యో, తెలుగోలా? మాది ఇచ్ఛాపురం అమ్మా! ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు. పట్టుమని ముప్పై కిలోమీటర్లు లేదు వాడి ఊరు. ఇద్దరు తెలుగువాళ్ళం మంచినీళ్ళ కోసం మూడు భాషలు తిరిగొచ్చాం. తర్వాత వాడు నాకు ఉల్లిపాయ ముక్కలు రెండుసార్లు తెచ్చిపెట్టాడు, ఆ మాట కూడా చెప్పాలి.

దార్లో పండుగాడు ఇంకో రాయి వేశాడు. "ఒడిషాలో ఇడ్లీ ఏం తింటాం పిన్నీ, అందుకే అటు వెళ్ళలేదు" అని. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం జిల్లా మద్రాసు కిందే ఉండేదిరా, రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనేరా అని మొదలుపెట్టాను. జిల్లాని అటు కలిపారు గానీ ఇడ్లీ పళ్ళేన్ని ఎవరూ కదపలేదు. కాకపోతే దాని పక్కకి ఘుగుని వచ్చి కూర్చుంది. ఎండు బఠాణీ నానబెట్టి, అల్లం జీలకర్ర దట్టించి ఉడికించిన ఆ చిక్కటి పులుసులో ఇడ్లీ మునిగితే సాంబారు ఎవరిక్కావాలి? అప్పటికి వాడు చెవుల్లో ఏదో పెట్టేసుకున్నాడు.

అసలు వాడికి నాన్న సంగతి చెప్పుండాల్సింది. నాన్న బడాబజార్‌లో పట్టుచీరల కొట్లో లెక్కలు రాసేవారని మీకు తెలుసు. ఆ సందులోనే బోర్డు లేని హోటలు. ఆదివారం పొద్దున్నే నా చేతికి మూతగిన్నె, తువ్వాలు ఇచ్చి పంపేవారు. పన్నెండు ఇడ్లీలు, ఆరు బరాలు. గుమ్మం పక్క గట్టు మీద నిలబడితే పొయ్యి దగ్గరి ముసలాయన "కేతేటా మా?" అని, అంటే ఎన్నమ్మా అని, అరిచేవాడు. నేను తెలుగులో చెప్పేదాన్ని, ఆయన ఒడియాలో లెక్కపెట్టేవాడు. ఘుగుని గిన్నెలో పోసి, చట్నీ మాత్రం అడ్డాకు దొప్పలో కట్టేవాడు. ఇంటికెళ్ళేసరికి తువ్వాలు మీద పచ్చటి మరక. అమ్మ తిట్లు.

ఒక ఏడు ఠాకురాణీ యాత్ర, మా ఊరి అమ్మవారి జాతర. రెండేళ్ళకోసారి కదా, చుట్టాలంతా దిగారు, సాయంత్రం ఫలహారానికి నన్ను పంపారు. చైత్రమాసపు ఉక్క, వీధంతా జనం, డప్పులు. నేను గట్టు మీద నిలబడి ఉంటే పక్కన ఎవరో వచ్చి నిలబడ్డట్టయింది. చూస్తే పులి. ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు, నడుముకి తోక. మొక్కు తీర్చుకోవడానికి వేషం వేసుకున్న మనిషి అని తెలుసు, తెలిసినా గిన్నె చేతిలోంచి జారింది. పులి వంగి గిన్నె తీసి నా చేతికిచ్చి, తోక చంకలో పెట్టుకుని లోపలికెళ్ళి బల్ల ముందు కూర్చుంది. రెండు బరాలు తిన్నది, చాయ్ తాగింది. చెమటకి మూతి దగ్గర రంగు కారి చాయ్‌లో పడుతుంటే నేను కళ్ళార్పకుండా చూశాను. ఈ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో, మీలో కొందరు విసుక్కునే ఉంటారు.

అయితే ఇందాక చీటీ విప్పి, వాడు చదవలేదు కదా నేనైనా చదువుదామని చదివాను. "ఇడ్లీకి మూత గట్టిగా పట్టే గిన్నె తీసుకెళ్ళు." "పియాజీ కాగితంలో కడితే మెత్తబడిపోతాయి, త్వరగా ఇంటికి తెచ్చెయ్." "ఎనిమిది దాటితే గుమ్మం దగ్గర తోపులాట." మొత్తం చీటీలో కూర్చుని తినమని ఒక్కచోటా రాయలేదు. గుప్‌చుప్ అంటే ఎలాగూ నిలబడి తినేదే.

అప్పుడు తట్టింది. నేను ఆ హోటల్లో ఎన్నడూ కూర్చోలేదు. చిన్నప్పుడు "ఆడపిల్లవి, లోపలికెళ్ళకు, గట్టు మీదే ఉండు" అని నాన్నే చెప్పారు. పెళ్ళయ్యాక పార్సిలు ఈయన తెస్తున్నారు. ఊరంతా నాకు తెలుసని చీటీ రాశాను, తెలిసిందల్లా గుమ్మాలే. ఆ పులికి లోపల బల్ల దొరికింది. ఇన్నేళ్ళు అది నవ్వుకునే కథే నాకు.

మరి ఆ ఏసీ హోటల్లో గంటన్నర కూర్చున్నాను. వీపుకి మెత్తటి ఆనుడు, చివర్లో చెయ్యి కడుక్కోవడానికి గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మచెక్క. లేచి ఎవరికీ వడ్డించలేదు. పొద్దుటినుంచి తిడుతున్నది ఆ చోటునే. పండుగాడు నన్ను కూడా లెక్కలో వేసుకునే "ఫ్యామిలీస్‌కి బావుంటుందట" అన్నాడేమో. అంతమాత్రాన ఆ బిర్యానీ బావుందనను. అందులో ఉప్పు చాలలేదు, మాంసం ఉడకలేదు, బిల్లు మాత్రం బాగా ఉడికింది.

ఇంతవరకూ రాసి లోపలికెళ్ళి ఈయన్ని లేపాను.

"బడాబజారు హోటల్లో లోపల ఫ్యాను ఉందా?"

"ఇప్పుడా అడగడం?" అటు తిరిగి పడుకున్నారు. కాసేపాగి గోడకేసి చెప్పారు. "రెండున్నాయి. ఒకటి తిరగదు."